పాలోళ్ళు లేని ఇంటిపేరు

మా పుట్టింటి ఇంటిపేరు ఇక్కడ రాయను. అందులో దాచుకోవలసింది ఏమీ లేదు. కానీ ఆ పేరు రాశానంటే మా ఇంటికి దారి చూపించి, బర్రెను ఏ గుంజకు కట్టేస్తారో కూడా చెప్పినట్టే. అంత తక్కువ మంది మేం. నాకు పెండ్లి ఈడు వచ్చేదాకా ఆ పేరుతో ఈ భూమి మీద మేం ముగ్గురమే ఉన్నామని నమ్మేవాళ్ళం: బాపు, అవ్వ అని నేను పిలిచే అమ్మ, నేను. అందులో అవ్వకు అది పెండ్లితో వచ్చిన పేరు. నాకు పెండ్లితో పోయే పేరు. నికరంగా మిగిలేది బాపు ఒక్కడే.

మా ఊరు పెద్దపల్లికి దగ్గర. బండి కట్టుకుని పొద్దున పోతే వడ్లు అమ్ముకుని పొద్దుగూకేసరికి ఇల్లు చేరవచ్చు. ఊరి నిండా పెద్ద పెద్ద ఇంటిపేర్లు ఉండేవి. ఒక్కో వాడకట్టంతా ఒక్కటే పేరు. ఎవరి పిల్లవాడు ఎవరి వాకిట్లో పడి ఏడ్చినా ఎత్తుకోవడానికి ఒక పెద్దమ్మో చిన్నమ్మో ఉండేది. మా ఇల్లు మాత్రం ఆ వాడకట్టు చివర విడిగా ఉండేది. బడిలోకి కొత్త పంతులు వచ్చినప్పుడల్లా హాజరు పిలుస్తూ నా దగ్గర ఆగిపోయేవాడు. "గిదేం పేరు పిల్లా? మీ ఇంటోళ్ళే పెట్టుకున్నరా?" అనేవాడు. పిల్లలంతా నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

బాపుకు మాత్రం ఆ పేరంటే మహా గర్వం. "మన పేరోళ్ళు మనమే. లోకంల ఇంకోడు లేడు. గెట్టు పంచాదొద్దు, కచ్చీరొద్దు" అనేవాడు. అది అబద్ధం కాదు. ఊళ్ళో ప్రతి ఇంటికీ పాలోళ్ళతో, అంటే ఒకే ఇంటిపేరున్న దాయాదులతో, ఏదో ఒక తగాదా నడుస్తూనే ఉండేది. బెత్తెడు గట్టు కోసం మొహాలు చూసుకోని అన్నదమ్ములు ఉండేవాళ్ళు. మా గట్టు జోలికి వచ్చేవాడే లేడు.

అవ్వ లెక్క వేరు. ఆమె పుట్టింట్లో పాలోళ్ళు లెక్కకు అందనంత మంది. అంత సందడిలో పెరిగిన మనిషి వచ్చి ఈ ఒంటి కొంపలో పడింది. "కొట్లాడుకునేటందుకన్న ఒక తోడికోడలు లేకపాయె" అని వారానికి ఒక్కసారైనా అనేది. అది వేళాకోళంగా అనేది కాదు, నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

ఇక్కడ పురుడు సంగతి చెప్పాలి. మా దిక్కు పాలోళ్ళలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఆ పేరున్న ఇళ్ళన్నిటికీ పురుడు పడుతుంది. ఎంత దూరాన ఉన్నా సరే, కబురు చెవిన పడితే చాలు. పురుడు వెళ్ళేదాకా దేవుడి దగ్గర దీపం పెట్టరు, శుభకార్యం తలపెట్టరు. బయటివాళ్ళు ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. మా వాడకట్టు వాళ్ళకు ఏడాదంతా ఏదో ఒక పురుడే. సరిగ్గా సద్దుల బతుకమ్మకు ముందురోజు ఎక్కడో జగిత్యాల దగ్గర ఎవరి కోడలో కనేది, ఇక్కడ వాడకట్టు వాడకట్టంతా మొహాలు వేలాడేసుకునేది. మేం మాత్రం శుభ్రంగా పండుగ చేసుకునేవాళ్ళం. ఊరంతా కుళ్ళుకునేది. అవ్వ మాత్రం పిండివంటలు చేస్తూ కూడా సణిగేది. "పాలోళ్ళ పురుడని ఒక్క పండుగన్న తప్పకపాయె. గిదేం కాపురం?"

మా ఇంట్లో ఇంకెవరికీ లేని ఆనవాయితీ ఒకటి ఉండేది. పొలాల అమావాస్య నాడు ఎడ్ల పూజ అయ్యాక, చీకటి పడే వేళకు దొడ్డి గోడ మీద ఈశాన్యం మూలన ఒక దీపం పెట్టేవాళ్ళం. ఎందుకో బాపుకూ తెలియదు. బాపుకు ఊహ తెలియకముందే తాత పోయాడు. తాతను ఎరిగిన వాళ్ళు చెప్పినదల్లా ఒక్కటే: చిన్నప్పుడు తల్లి సంకనెక్కి గోదావరి అవతలి నుంచి వచ్చాడట. అంతకు ముందు ఏ ఊరు, ఎవరి పిల్లవాడు అనేది ఎవరికీ తెలియదు. బాపు కూడా ఆ సంగతి ఎన్నడూ తవ్వలేదు.

తవ్వవలసి వచ్చింది నా పెండ్లి కోసం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్ళు అయి ఉంటుంది. పెద్దపల్లిలో మేం వడ్లు వేసే మిల్లులో ఒక గుమాస్తా ఉండేవాడు. మా కులం వాడే. బస్తాలు తూకం వేస్తున్నప్పుడు నేను బండి మీద కూర్చుని ఉంటే, బాపుతో మాట్లాడుతూ ఊరికే నవ్వేవాడు. నవ్వడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు. నాకు ఆ నవ్వు నచ్చింది. ఇంటికి వచ్చాక మిల్లుకు మళ్ళీ ఎప్పుడు పోతామని అడిగితే అవ్వ నా వంక అదోలా చూసింది. మా మేనమామ, అంటే అవ్వ తమ్ముడు, అట్లాంటి సంగతులు ముక్కుతోనే పసిగట్టేవాడు. నాలుగు రోజుల్లో సంబంధం కదిలించాడు.

అబ్బాయి తల్లి చూడటానికి వచ్చింది. భర్త పోయిన మనిషి. ఇద్దరు కొడుకులను, ఆరెకరాల పొలాన్ని ఒంటి చేత్తో నెట్టుకొచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. నన్ను చూసింది, ఇల్లు చూసింది, గరిసెలో వడ్లు కూడా చూసింది. అన్నీ నచ్చాయని మొహమే చెబుతోంది. అప్పుడు బాపును అడిగింది.

"అన్నా, పాలోళ్ళెవ్వరు?"

"ఎవ్వరు లేరు చెల్లే. మేమే."

"ఈ ఊళ్ళె లేరు సరే. ఇంకే ఊళ్ళె?"

"ఏ ఊళ్ళె గూడ లేరు."

ఆమె కోపం ఏమీ లేకుండానే అంది. "పాలోళ్ళు లేని ఇల్లు ఉంటదా అన్నా? చెట్టు మీదికెల్లి ఎవ్వరు పడరు గదా. ఎవ్వరన్న వెలేసిన్రా, మీరే ఏదన్న దాసుకుంటున్నరా, నాకెట్ల తెలుస్తది? రేపు నా కొడుకును నలుగురు అడుగుతరు. మీ పేరోళ్ళు ఒక్కరు దొరికినా సాలు, మీ ఇల్లు గిదీ అని చెప్పెటోళ్ళు. దొరికినంక కబురు పెట్టుర్రి. పూలు పండ్లు పట్టుకొని నేనే వస్త."

ఆమె పోయాక నేను అర్రలో మూలన కూర్చుని కసిదీరా ఏడ్చాను. ఏడుపు అబ్బాయి కోసమా, మమ్మల్ని కులం తప్పిన వాళ్ళలాగా చూసినందుకా, నాకే తెలియదు. బాపు ఆ రోజు అన్నం తినలేదు. ఇన్నాళ్ళూ గర్వంగా చెప్పుకున్న మాటే ఆ రోజు మెడకు చుట్టుకుంది. "జర ఫికర్ చెయ్యకు బిడ్డా. మనిషన్నంక పాలోడు లేకుంట పోతడా? దేవులాడుత" అన్నాడు.

అట్లా వెతకడానికి బాపు ఎంచుకున్న చోటు కొండగట్టు. అంజన్న జయంతికి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల జనమంతా అక్కడికే వస్తారు. జనం మన దగ్గరికే వస్తుంటే ఊరూరా తిరగడం ఎందుకు అనేది బాపు తెలివి. అందరం బస్సెక్కి పోయాం. దర్శనం అయిందో లేదో, బాపు మెట్ల మొదట్లో ఒక కంబళి పరుచుకుని కూర్చున్నాడు. వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ ఆపి, రాంరాం చెప్పి, "మీ ఇంటిపేరేంది?" అని అడగడం మొదలుపెట్టాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. కొందరు బాపును లగ్గాలు కుదిర్చేవాడు అనుకుని ఇంట్లో ఉన్న పిల్లల వయసులన్నీ చెప్పారు. ఒకాయన జనాభా లెక్కల మనిషి అనుకుని చనిపోయిన తన అన్న పేరు కొట్టేయమన్నాడు. ఒక ముసలాయన మాత్రం జవాబు చెప్పకుండా గబగబా మెట్లెక్కాడు. పైకి పోయాక వెనక్కి తిరిగి "రజాకార్ల కాలంల గూడ గిట్లనే అడిగిన్రు!" అని అరిచాడు. మేనమామ పడీపడీ నవ్వాడు. బాపు నవ్వలేదు. తలనీలాలు ఇచ్చి వచ్చే గుండ్లన్నిటినీ వరుసపెట్టి అడుగుతూనే ఉన్నాడు. ఎండ నెత్తికెక్కింది. అవ్వ ఆయన నెత్తి మీద తడిగుడ్డ వేసి పోయింది.

చివరికి నస్పూర్ నుంచి వచ్చిన ఒక గని కార్మికుడు బాపు చెప్పిన పేరు విని ఆగాడు. "మా బొగ్గుబాయిల ఉన్నడు ఒక పోరడు, గదే ఇంటిపేరుతోని. నాతోని ఒక్క షిఫ్టే. పేరు అదోతీరుగ ఉన్నదని మేమందరం ఎక్కిరిస్తం" అన్నాడు. బాపు కంబళి అక్కడే వదిలేసి లేచాడు. మనిషికి తన ఇంటిపేరును ఎవరో ఎక్కిరిస్తున్నారని వింటే అంత సంతోషం కలగడం నేను అప్పుడే చూశాను.

నస్పూర్ ప్రయాణం నేను చూడలేదు. మేనమామ చెప్పగా విన్నాను. ఆయన చెప్పినప్పుడల్లా అది కొంచెం పెరిగేది కాబట్టి మొదటిసారి చెప్పిందే రాస్తున్నాను. ఇద్దరూ పెద్దపల్లిలో ప్యాసింజరెక్కి మంచిర్యాలలో దిగి, అక్కడి నుంచి నడిచారట. నస్పూర్‌లో గని వాళ్ళ క్వార్టర్లు వరుసగా, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఊళ్ళో అయితే ఇల్లు చూస్తేనే ఎవరిదో తెలుస్తుంది. వాకిట్లో మగ్గం ఉంటుంది, కుండలు చేసే సారె ఉంటుంది, వడ్రంగి బాడిస ఉంటుంది, నాగలి ఉంటుంది. అక్కడ అవేమీ లేవు. ఏ కులం వాడైనా అదే గది, అదే టోపీ, షిఫ్టు దిగాక మొహం మీద అదే నల్ల రంగు. మా బాపు లాంటి వాడికి అక్కడ ఎవరు ఎవరో పోల్చుకోవడం సాధ్యం కాదు. అడిగితే సరిపోయేది. సంతోషంలో అడగడం మరిచిపోయారు.

ఆ అబ్బాయి అప్పుడే పని దిగి వచ్చి, బొగ్గు కూడా కడుక్కోకుండా అందరి చేతుల్లో చక్కెర పెడుతున్నాడట. బాపు చేతిలో కూడా పెట్టాడు.

"నీ ఇంటిపేరేంది తమ్మీ?"

చెప్పాడు. అచ్చంగా మా పేరే. బాపు ఆ చక్కెరను పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడట.

"మీ పెద్దలది ఏ ఊరు?"

"మాకు తెల్వదు కాకా. మా తాత వాళ్ళ ఊరు ఇప్పుడు లేదంట. మా ముసలమ్మకు ఎరుక. గామె లోపల పురిటింట్ల ఉన్నది. నిన్ననే నాకు ఆడపిల్ల పుట్టింది."

బాపు అటూ ఇటూ చూశాడు. వెనక గోడకు, ఇంకే క్వార్టరుకూ లేని చిన్న దివ్వెగూడు ఒకటి కనబడింది. అదేమిటని అడిగాడు. "పొలాల అమాసకు తూర్పు దిక్కు దీపం పెట్టుమంటది మా ముసలమ్మ. ఎందుకో నాకు తెల్వదు" అన్నాడు ఆ అబ్బాయి.

ఇక బాపు ఆగలేదు. బొగ్గు మనిషిని బొగ్గుతో సహా కావలించుకున్నాడు. కొత్త తెల్లంగి నల్లగా అయిపోయింది. "అరే తమ్మీ! అయితే మాకు గూడ పురుడు పడ్డట్టేరా!" అని కేక పెట్టాడట. ఆ అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు. పెద్దవాళ్ళు సంతోషంలో ఇట్లాగే మాట్లాడతారు కాబోలు అనుకుని ఇంకొంచెం చక్కెర పెట్టాడు. ముసలమ్మ బయటికి వచ్చేలోగా రైలు వేళ అయిందని, తమ ఊరి పేరు చెప్పి వీళ్ళిద్దరూ బయలుదేరారు.

బాపు ఇంటికి వచ్చిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. వాకిట్లో అడుగు పెట్టకముందే అరుపు. "దేవుని అర్ర మూసెయ్యి! మనకు పురుడు పడ్డది!"

అవ్వ బియ్యం చెరుగుతున్న చేటతోనే బయటికి ఉరికింది. "ఎవ్వరింట్ల?"

"మన పాలోళ్ళింట్ల!"

అవ్వ చేట కింద పెట్టి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఆ తర్వాత వాడకట్టంతా తిరిగింది. పక్కింటామె పసుపు కొట్టడానికి పిలిస్తే "నేను రానక్కా, మాకు పురుడు" అంది. పిలవని వాళ్ళకు కూడా "మీ ఇంటికి రానమ్మా, మాకు పురుడు" అని వాళ్ళ ఇంటికి పోయి మరీ చెప్పి వచ్చింది. ఆ వారంలో ఊళ్ళో ఒక వ్రతం ఉంటే పోలేదు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఒక శుభకార్యం తప్పిందని అవ్వ మొహం వెలిగిపోయింది. మనవరాలు వరుస అయ్యే పిల్ల పుట్టిందని పాత చీరలు చింపి మెత్తటి బట్టలు కూడా మడిచి పెట్టింది.

మేనమామ అబ్బాయి తల్లికి కబురు మోశాడు. ఆమె వెంటనే మెత్తబడిందట. "పురుడు పట్టిన్రంటె పాలోళ్ళున్నట్టే. ఉత్తగ ఎవ్వరు పట్టరు. ముందుగాల ఒకసారి వచ్చి చూసిపోత" అని చెప్పి పంపింది. నేను ఆ రాత్రి మిల్లు గుమాస్తా నవ్వు తలుచుకుని నిద్రపోయాను. నా పెండ్లి అయిపోయినట్టే అనిపించింది.

మూడు పూటలు కూడా ఆ సంతోషం నిలవలేదు. మధ్యాహ్నం వేళ మా వాకిట్లోకి ఒక ముసలామె వచ్చింది. ఎనభైకి దగ్గర ఉంటుంది. నస్పూర్ అబ్బాయి చెయ్యి పట్టుకుని ఉంది. అరుగు ఎక్కకుండా కిందే నిలబడి చేతులు జోడించింది.

"తప్పయిపాయె పటేలా. మా పోరనికి బుద్ధి లేదు, మీకు చెప్పలే. మేం కుమ్మరోళ్ళం. మీరు కాపులు, మాకు పాలోళ్ళెట్లయితరు? మా పిల్ల పుడితే మీకు పురుడెందుకు? సంగతి తెలిసిన కాడికెల్లి నాకు తిండి పోతలేదు. రైలెక్కి వచ్చిన."

మేనమామ మొదట ఫక్కున నవ్వాడు. బాపు మొహం చూసి నోరు మూసుకున్నాడు. అవ్వ ముసలామెను అరుగు మీదికి లాగి కూర్చోబెట్టింది.

బాపు అడిగాడు. "మరి గా పేరు? గా దీపం?"

అప్పుడు చెప్పింది ఆమె. చెన్నూరు దిక్కు గోదావరి అవతల ఒక ఊరు ఉండేది. ఆమె అక్కడికి చిన్న కోడలుగా వచ్చిన రెండో ఏడు గత్తర, అంటే కలరా, తగిలింది. "పొద్దున ఒకన్ని మోస్తే, మాపటికి మోసినోడు పాయె" అంది. మిగిలిన వాళ్ళు ఇక ఆ ఊళ్ళో ఉండలేమని తలో దిక్కు లేచిపోయారు. పోయిన చోట ఎవరు మీరు అని అడిగితే ఊరి పేరు చెప్పారు. అందరికీ అదే ఇంటిపేరైపోయింది. కాపులకూ అదే, కుమ్మరోళ్ళకూ అదే. వడ్లవాళ్ళు ప్రాణహిత దాటి మరాఠీ మాట్లాడే దిక్కు పోయారు. వాళ్ళు ఇప్పుడు ఆ పేరు వెనక 'వార్' అని తగిలించుకుని తిరుగుతున్నారని ఆమె మరిది ఒకసారి సిరొంచలో విని వచ్చాడట. ఊరు మాత్రం మళ్ళీ నిలవలేదు. పట్వారీలు అట్లాంటి ఊళ్ళను బేచిరాగ్, అంటే దీపం లేని ఊళ్ళు, అంటారు. లేచిపోయేటప్పుడు పెద్దలు ఒక మాట అనుకున్నారు: ఎక్కడ పడ్డా సరే, పొలాల అమావాస్య నాడు మన ఊరి దిక్కు ఒక దీపం పెట్టాలె. నస్పూర్ నుంచి ఆ ఊరు తూర్పు. మా ఊరి నుంచి ఈశాన్యం.

బాపు దొడ్డి గోడ వంక చూశాడు. నలభై అయిదేళ్ళుగా ఆ మూల దీపం పెడుతూ ఎటు చూస్తున్నాడో ఆయనకు అప్పుడు తెలిసింది.

"మీ ఇల్లు నాకు ఎరుకనే" అంది ముసలామె. "ఊరికి పెద్ద కాపుదనం. ముందట రెండు చింతచెట్లు. మీ నాయన తల్లి తెల్లగ ఉండేది, ఎవ్వరు పోయినా ఉత్త చేతుల్తోని పంపలే. గత్తరల గామె మొగడు పోయిండు, మొగని తమ్ముడు పోయిండు, తోడికోడలు పాయె, పిల్లలందరు పాయె. ఒక్క పిల్లగాన్ని సంకల ఏసుకొని నది దాటింది. మీకు పాలోళ్ళు లేకనా పటేలా? ఉండిరి. మిగల్లే."

అవ్వ ముక్కు చీది లోపలికి పోయింది. బాపు తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన తన ఇంటిపేరు ఒంటరిగా ఉన్నందుకు గర్వపడిన ఏళ్ళన్నీ నాకు గుర్తుకొచ్చాయి. జాలేసింది. కానీ నా సంగతి నాకు ఉంది కదా.

మేనమామ మెల్లగా అన్నాడు. "అయిందేదో అయింది బావా. పాలోళ్ళు గాదని తేలింది గదా. తానం చేసి దేవునికి దీపం పెట్టుర్రి. పురుడు ముచ్చట ఎవ్వరం ఎత్తద్దు."

"వద్దు. ఎల్లుండి పురుడు ఎల్లనియ్యి" అన్నాడు బాపు.

నాకు కోపం ఆగలేదు. "రేపు ఆమె వస్తది బాపు! కుమ్మరోళ్ళ పురుడు పట్టినవని తెలిస్తే ఇగ మన గడప తొక్కుతదా? నా లగ్గం ఎందుకు చెడగొడుతవు?" అని అరిచాను. ముసలామె ముందే అరిచాను. బాపు నన్ను కసురుకోలేదు. దేవుడి అర్ర తలుపు మూసే ఉంది.

మరునాడు, ఆ ముసలామె ఇంకా మా ఇంట్లో ఉండగానే, అబ్బాయి తల్లి బండి దిగింది. పాలోళ్ళ ముసలామె వచ్చిందని దారిలో ఎవరో చెప్పారట. సంతోషంగా వచ్చి అరుగు మీద ఆమె పక్కనే కూర్చుంది.

"నువ్వేనా అవ్వా వీళ్ళ పాలోళ్ళ దానివి?"

"కాదమ్మా. మేం కుమ్మరోళ్ళం. వీళ్ళు, మేము ఒక్క ఊరోళ్ళం. ఊరే లేకపాయె, గా పేరు మిగిలింది."

నేను తలుపు వెనక నిలబడి తలుపు చెక్కను గోళ్ళతో గీకుతున్నాను. ముసలామె దాచకుండా అంతా చెప్పింది. ఊరు, గత్తర, చింతచెట్ల ఇల్లు, పిల్లవాణ్ణి సంకనేసుకుని నది దాటిన మనిషి. "వీళ్ళ ముత్తాత లగ్గానికి కుండలు మా మామనే చేసిండు. నాకెరుక లేని ఇల్లు గాదు. వెలేసిన ఇల్లు అంతకంటె గాదు" అని కూడా అంది. అబ్బాయి తల్లి ఒక్క మాట అడ్డం రాకుండా విన్నది. చివరికి బాపు వైపు తిరిగింది.

"తెల్వక పట్టినవు. సరే. తెలిసింది ఎన్నడు?"

"నిన్న."

"తెలిసినంక గూడ ఎందుకు పట్టినవు అన్నా? నలుగురు నవ్వరా?"

బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పడానికి అది మంచి అదను. మేనమామ కళ్ళతో సైగ కూడా చేశాడు.

"నవ్వుతరు చెల్లే. నవ్వనియ్యి" అన్నాడు బాపు. "నేను పుట్టిన కాడికెల్లి, ఈ పిల్ల తప్ప, మా పేరు మీద చావులే గని పుట్టుడు ఎరుగ. మా నాయన పాయె. మా నాయనమ్మ పాయె. నాకు కొడుకు లేడు. ఉన్న ఒక్క బిడ్డను నీకు ఇచ్చుకుంటున్న. మా పేరు మీద ఒక పిల్ల పుట్టిందని మొన్న ఇన్న. బతికుండంగ ఇంకో ఇంట్లకెల్లి నా చెవుల పడ్డ మొదటి పురుడు గదే. కుమ్మరోళ్ళ పిల్లని ఎరుకైనంక గా సంబురం పోతదేమో అని చూసిన. పోలే. పోని సంబురానికి తానం ఎట్ల చెయ్యాలె?"

నస్పూర్ అబ్బాయి తల అటు తిప్పుకున్నాడు. ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ క్షణంలో నా పెండ్లి చెడిపోయినా సరే, ఈ మనిషి నాకు బాపు అయినందుకు చాలనిపించింది. నిజం చెప్పాలంటే, చెడిపోతే బతకలేనని కూడా అనిపించింది.

అబ్బాయి తల్లి లేచి కొంగు దులుపుకుంది. అవ్వ ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు లోపలికి ఉరికి, ఇత్తడి చెంబు నిండా మంచినీళ్ళు తెచ్చి ఆమె ముందు పట్టింది. ఆమె చెంబు వంక చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు ఒదినె."

అవ్వ చెంబు వెనక్కి తీసుకుంది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఇక అయిపోయింది అనుకున్నాను.

"పురుడు పట్టిన ఇల్లాయె. నీళ్ళు ఎట్ల ముట్టుత?" అంది మా అత్త. "పురుడు ఎల్లినంక ఎల్లుండి వస్త. పూలు పండ్లు అప్పుడు పెట్టుకుందాం. నీళ్ళు అప్పుడే తాగుత."